చిన్న వృత్తులు – పెద్ద ఆధారము

“ఉద్యోగము” అను మాటను మన పిల్లలు రెండు భాషలలో వినుచున్నారు. ఇంట తెలుగులో ఉద్యోగమనగా నెలనెలా జీతము వచ్చు కొలువు. బజారున మరాఠీలో “ఉద్యోగ్” అనగా పరిశ్రమ, వ్యాపారము, మనుష్యుడు తన పూనికతో తాను నడుపుకొను పని. సంస్కృతమున ఈ మాటకు మూలార్థము ప్రయత్నము. జాతీయ పతాకములను తయారుచేయుటచే పేరుపొందిన మన ఊరి మరాఠ్వాడా ఖాదీ గ్రామోద్యోగ సమితి పేరులోని ఉద్యోగము ఈ రెండవ అర్థము గలదియే.

ఒకనాడు నాలుగవ తరగతి బాలుడొకడు నన్ను సమీపించి, “సార్, మా నాయిన ఉద్యోగం చేస్తడా, చెయ్యడా?” అని అడిగెను. తండ్రి ఉద్యోగము అను గడిలో ఏమి వ్రాయవలయునో వానికి తోచలేదు. ఆ తండ్రికి బజారులో చిన్న కుట్టు దుకాణము కలదు. రెండు యంత్రములు సొంతము. మరి ఇద్దరు ఆయన వద్ద కూలికి కుట్టుచుండిరి. తెలుగు లెక్కన ఆయనకు ఉద్యోగము లేదు. మరాఠీ లెక్కన ఆయన మరి ఇద్దరికి ఉద్యోగము కల్పించినవాడు. నేను ఆ బాలునితో, “మీ నాయిన ఉద్యోగమిచ్చేవాడు, అట్లే వ్రాయుము” అని చెప్పితిని.

ఆ కుటుంబమును గూర్చియే, అట్టి అనేక కుటుంబములను గూర్చియే ఈ వ్యాసము.

పాఠశాలకు దీనితో ఏమి పని?

దీపావళి సెలవులు ముగిసిన తరువాత ఆ తండ్రియే నా గదికి వచ్చి, బాలుని బదిలీ పత్రము కావలెనని కోరెను. సంవత్సరము మధ్యలో ఎందుకని నేను ప్రశ్నించితిని. దుకాణము మూసివేసి హైదరాబాదులో మరియొకరి దుకాణమున కూలికి చేరుచున్నానని ఆయన తెలిపెను. ఒక వ్యాపారికి సంచులు కుట్టి ఇచ్చి నాలుగు నెలలైనను సొమ్ము చేతికి రాలేదు. దారమునకు, గుడ్డకు తెచ్చిన అప్పుపై వడ్డీ పెరుగుచున్నది. ఇద్దరు పనివారు ముందే వెళ్లిపోయిరి. బ్యాంకులో అప్పుకై ప్రయత్నింపరాదా అని నేనంటిని. దానికాయన ఇట్లు బదులు చెప్పెను: “నేను అప్పు అడుగుత లేను సార్. నా పైసలు నాకొస్తే చాలు.”

ఆ మాట నన్ను చాలా దినములు విడువలేదు. చిన్న వ్యాపారులకు సహాయమనగానే మనకు అప్పు జ్ఞప్తికి వచ్చును. ప్రభుత్వ ప్రకటనలలోను అప్పే మొదట కనబడును. కాని చిన్నవృత్తివాడు నిలుచుటకు అప్పొక్కటియే చాలదు. అవసరమైన సమయమున పెట్టుబడి, చేసిన పనికి సకాలమున సొమ్ము, న్యాయమైన ధరకు ముడిసరుకు, నలుగురితో కూడిన బలము, వ్రాసియుంచిన లెక్క – ఈ అయిదును కావలెను. వీనిలో ఏ ఒక్కటి తప్పినను దుకాణము మూతపడును. దుకాణము మూతపడిన మూడవ నెలలో పాఠశాల హాజరుపట్టికలో ఒక పేరు కొట్టివేయబడును. తెలుగు మాధ్యమపు పాఠశాలకు ఇది ప్రాణసంకటము. మరాఠీ పాఠశాలలో ఒకరు వెళ్లిన మరియొకరు వత్తురు. మన బల్ల మీద ఖాళీ అయిన చోటు ఖాళీగానే యుండును.

చిన్న వృత్తి యనగా ఏది?

మన దేశమున సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలను గూర్చిన చట్టము 2006లో వచ్చినది. 2025 ఏప్రిల్ 1 నుండి అమలైన నిర్వచనము ప్రకారము యంత్రములపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలకును, సంవత్సరపు అమ్మకము 10 కోట్లకును మించనిది సూక్ష్మసంస్థ. పెట్టుబడి 25 కోట్లు, అమ్మకము 100 కోట్లు మించనిది చిన్న సంస్థ. రెండు కుట్టుయంత్రముల దర్జీయు, రెండు కోట్ల యంత్రములు గల కార్ఖానాదారుడును ఒకే వరుసలో కూర్చుండిరని దీనివలన గ్రహింపవలెను. సహాయమంతయు వరుసలో ముందున్నవానికే చేరి, చివరనున్నవాడు రిక్తహస్తములతో మిగులు ప్రమాదము ఇందులోనే యున్నది.

2015–16లో జరిగిన జాతీయ నమూనా పరిశీలనలో దేశమున ఇట్టి సంస్థలు సుమారు 6.34 కోట్లనియు, వానిలో పనిచేయువారు సుమారు 11.1 కోట్ల మందియనియు తేలినది. వానిలో 6.30 కోట్లకు పైగా సూక్ష్మసంస్థలే. ఈ అంకెలను భాగించి చూడుడు. నాలుగు సంస్థలలో కలిపి ఏడుగురు పనివారు. అనగా దుకాణదారుడు తానొక్కడో, తాను తన భార్యయో పనిచేయుచున్నారు. కావున జీవనోపాధి పెరుగుటకు క్రొత్త దుకాణములు తెరచుట ఒక మార్గము మాత్రమే. ఉన్న దుకాణము ఒకరికి బదులు ముగ్గురికి పని ఇచ్చునట్లు చేయుట అంతకంటె దగ్గరి మార్గము.

పెద్ద కర్మాగారములు వలదని నా భావము కాదు. రైలుపట్టాలు, ఎరువులు, సిమెంటు చిన్న కొట్టములో తయారు కావు. కాని పెద్ద కర్మాగారమున ఒక్కొక్క మనుష్యునికి పని కల్పించుటకు యంత్రముల మీద లక్షలు వెచ్చింపవలెను. చిన్న వృత్తిలో ఒక యంత్రము, కొంత ముడిసరుకు, నేర్చిన చేతులు చాలును. మూలధనము తక్కువగాను, పని కోరు చేతులు ఎక్కువగాను గల మనవంటి దేశమునకు ఈ లెక్క మిక్కిలి ముఖ్యమైనది. పైగా చిన్న వృత్తి మనిషి ఉన్నచోటికే వచ్చును. చంకబిడ్డ గల తల్లియు, ఊరు విడువలేని వృద్ధుడును పని చేసికొందురు.

మన పూర్వుల అనుభవము

నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగము. ఆ సంవత్సరము నవంబరు 1న బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైనది. సరిహద్దు గీత మారినది గాని మనుష్యులు మారలేదు. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు ప్రాంతములలో తెలుగు నేటికిని వినబడుచున్నది. పద్మశాలీలు మగ్గము పట్టుకొని, వైశ్యులు తక్కెడ పట్టుకొని, మరికొందరు ఉలి, తాపీ పట్టుకొని ఈ దేశమునకు వచ్చిరి. ఉత్తరువు చేతబట్టుకొని కొలువునకు వచ్చినవారు కొలదిమందియే. మనలో హెచ్చుమంది చిన్న వృత్తుల సంతానము.

ఈ వలసలో మిక్కిలి పెద్దది షోలాపూరునకు జరిగినది. తెలంగాణమున కరవులు వచ్చినప్పుడెల్ల నేతవారు అచ్చటికి చేరిరి. మొదట చేమగ్గములు, తరువాత మరమగ్గములు నెలకొల్పిరి. షోలాపూరు దుప్పటి, తువాలు దేశమంతట పేరు పొందినవి. దుప్పటికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. ఆ నగరపు పెద్ద నూలు మిల్లులు మూతపడిన పిమ్మటను ఇండ్లమధ్య చిన్న కొట్టములలోని మరమగ్గములు ఆడుచునే యుండెను. పెద్ద వృక్షము కూలినప్పుడు నేలనంటిన గడ్డి నిలిచినట్లయినది. మన నాందేడులోను ఉస్మాన్‌షాహీ మిల్లు ఒకప్పుడు ఊరికి గడియారమువంటిది. దాని కూతతో వీధులు మేల్కొనెడివి. నేడు ఆ మిల్లు లేదు. దాని కూలీల సంతానము చిన్న దుకాణములు పెట్టుకొని బ్రదుకుచున్నది.

అయినను చిన్నదానిని కేవలము పొగడరాదు. మా తండ్రిగారు మగ్గము నేసిరి. నూలు సావుకారిచ్చెడివాడు, బట్ట సావుకారే తీసికొనెడివాడు, రెండింటి ధరలు సావుకారే చెప్పెడివాడు. నూలు ధర పెరిగిన మరునాడే మాకు తెలిసెడిది. బట్ట ధర పెరిగిన సంగతి మాత్రము ఎన్నడును మా ఇంటివరకు రాలేదు. మగ్గము మాది, చెమట మాది, లాభము మరియొకరిది. మా అన్నగారు ఏడవ తరగతితో చదువు మానిరి. దేశమంతటను చేనేత తగ్గుచున్నది. 2009–10 గణనలో చేనేత పనివారు 43.31 లక్షలు; 2019–20 గణనలో 35.22 లక్షలు. నేర్పు లేక వీరు వృత్తి విడువలేదు. నేర్పునకు తగిన ప్రతిఫలము లేక విడిచిరి.

రక్షణ వేరు, పోషణ వేరు

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము చిన్న పరిశ్రమలను మరచినదనుట న్యాయము కాదు. 1955లో ఆచార్య డి. జి. కర్వే అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడినది. రెండవ పంచవర్ష ప్రణాళికలో నిత్యావసర వస్తువులను గ్రామ పరిశ్రమలు, చిన్న పరిశ్రమలు ఉత్పత్తి చేయవలెననియు, అందువలన ఎక్కువమందికి పని దొరకుననియు ఆ సంఘము సూచించినది. ఆ సంవత్సరమే జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ నెలకొన్నది. 1967లో కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమలే తయారుచేయవలెనని ప్రత్యేకించుట ఆరంభమైనది. నలుబదియేడు వస్తువులతో మొదలైన ఆ జాబితా కాలక్రమమున ఎనిమిది వందలు దాటినది. పిమ్మట క్రమముగా తగ్గించుచు 2015 ఏప్రిల్‌లో మిగిలిన ఇరువది వస్తువులను కూడ తొలగించిరి.

దీనివలన మనము నేర్వదగిన పాఠమొకటి కలదు. చిన్నదానికి గోడ కట్టి కాపాడిరి గాని, ఆ గోడలోపల అది పెరుగుటకు కావలసిన నీరు పోయలేదు. పెరిగినచో రాయితీ పోవునను భయముతో కొందరు చిన్నగానే ఉండిపోయిరి. మొక్కకు కంచె కావలసినదే. కాని కంచె చూచి మొక్క పెరుగదు. పిల్లవానిని ఎల్లప్పుడు ఒకటవ తరగతిలోనే కూర్చుండబెట్టి “వీనికి పరీక్ష లేదు” అనుట వానిపై దయ కాదు గదా!

అప్పు – దాని మేలు, దాని కీడు

1976లో బంగ్లాదేశమున జోబ్రా అను గ్రామములో అర్థశాస్త్రాచార్యుడు ముహమ్మద్ యూనస్ ఒక విషయము గమనించెను. వెదురు పీటలు అల్లు స్త్రీ వెదురునకై వర్తకుని వద్ద అప్పు తెచ్చి, ఆ పీటను అతడు చెప్పిన ధరకు అతనికే అమ్మవలసి వచ్చుచుండెను. ఇది మా తండ్రిగారి మగ్గపు కథయే. ఆ గ్రామమున 42 మందికి కలిపి కావలసిన సొమ్ము 27 డాలర్లు మాత్రమే. ఆయన దానిని తన జేబునుండి ఇచ్చెను. దానినుండి 1983లో గ్రామీణ బ్యాంకు వెలసినది. 2006లో ఆయనకును, ఆ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించినది. ఆ 1976లోనే మన నాందేడు కేంద్రముగా మరాఠ్వాడా గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. 1992 నుండి నాబార్డు పొదుపు సంఘములను బ్యాంకులతో జోడించు పద్ధతిని ప్రారంభించినది. మన ఊరిలో “బచత్ గట్” అని తల్లులు పిలుచుకొనునవి ఇట్టి సంఘములే.

ఇది అప్పువలని మేలు. కీడును గూడ తెలిసికొనవలెను. అప్పటి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థలు పోటీపడి ఒకే ఇంటికి రెండు మూడు అప్పులిచ్చి, వారము వారము వసూలునకై గడప తొక్కినవి. పాత అప్పు తీర్చుటకు క్రొత్త అప్పు తెచ్చుట అలవాటైనది. ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. తుదకు 2010 అక్టోబరులో ప్రభుత్వము అత్యవసరాదేశము జారీచేసి ఆ వసూళ్లకు అడ్డుకట్ట వేయవలసి వచ్చినది. అప్పు వచ్చినంతనే వ్యాపారము వృద్ధి పొందదు. ఇల్లు అలుకగానే పండుగ కాదు. వస్తువునకు గిరాకీ ఉన్నదా, వాయిదా కట్టు దినమునకు సొమ్ము చేతికి వచ్చునా అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిదపనే సంతకము చేయవలెను.

రావలసిన సొమ్ము

ఇక ఆ దర్జీ చెప్పిన మాటకు వత్తము. ఉదాహరణమునకు ఒక లెక్క వేయుదము. మన ఏడవ తరగతి విద్యార్థులును దీనిని వేయగలరు.

ఒకనికి 40,000 రూపాయల పెట్టుబడి కలదనుకొనుడు. దానితో సరకు తయారుచేసి అమ్మిన నూటికి 15 చొప్పున 6,000 రూపాయలు మిగులును. కొన్నవాడు నెలకే సొమ్ము చెల్లించినచో ఆ పెట్టుబడి సంవత్సరమున పండ్రెండుమారులు తిరుగును, మిగులు 72,000. కొన్నవాడు నాలుగు నెలలు జాగుచేసినచో మూడుమారులే తిరుగును, మిగులు 18,000. మనిషి అతడే, నేర్పు అదే, యంత్రము అదే. మారినది సొమ్ము వచ్చిన దినము మాత్రమే.

జాగు ఉన్నను నెలనెలా పని నడువవలెనన్న అతనికి 40,000కు బదులు 1,60,000 కావలెను. అనగా 1,20,000 అప్పు. బ్యాంకులో సంవత్సరమునకు నూటికి 12 వడ్డీ అనుకొన్నను 14,400 రూపాయలు పోవును. మిగులులో అయిదవ వంతు! అదే బజారులో నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో 43,200 పోవును. మిగిలిన 28,800తో అతడు తన ఇల్లు గడపవలెనా, పనివాని నిలుపుకొనవలెనా? తన సొమ్మును తాను వాడుకొనుటకు పరునికి వడ్డీ కట్టుట యనగా ఇదియే. పెద్దవాడు చిన్నవానికి అప్పులిచ్చుట మనకు కనబడును. చిన్నవాడు పెద్దవానికి వడ్డీలేని అప్పిచ్చి నిలిచియుండుట మనకు కనబడదు.

దీనికి చట్టములో మందు కలదు. 2006 నాటి చట్టము ప్రకారము నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థ వద్ద సరకు గాని సేవ గాని పొందినవాడు ఒప్పుకొన్న గడువులో, ఎట్లయినను 45 దినములలోగా, సొమ్ము చెల్లింపవలెను. గడువు ముందుగా వ్రాసికొనని యెడల 15 దినములే. మీరినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ ఇయ్యవలసియుండును. వివాదము వచ్చినచో విచారించుటకు ప్రతి రాష్ట్రమున మండలులు కలవు. 2017 నుండి ఫిర్యాదును ఇంటర్నెట్ ద్వారానే పంపవచ్చును. 2024 ఏప్రిల్ నుండి ఆదాయపు పన్ను చట్టములోను ఒక మార్పు అమలునకు వచ్చినది. గడువులో చెల్లింపని మొత్తమును కొన్నవాడు నిజముగా చెల్లించువరకు తన ఖర్చుగా చూపుకొనుటకు వీలు లేదు.

కాని రెండు షరతులు మరువరాదు. సరకు ఇచ్చుటకు ముందే మన పేరు నమోదై యుండవలెను. సరకు ఇచ్చినట్లు తేదీతో కూడిన కాగితము మన చేత ఉండవలెను. ఆ దర్జీ వద్ద ఈ రెండును లేవు. నోటిమాట మీద సంచులిచ్చెను. చట్టము ఆయనకు తోడుపడుటకు సిద్ధముగానే యుండెను; ఆయన పేరు మాత్రము దానికి తెలియదు. కొని అమ్ము వర్తకులకు, అనగా కిరాణా దుకాణదారులకు, 2021 నుండి నమోదు అవకాశము కలిగినను ఈ గడువు రక్షణ వర్తింపదనియు తెలిసికొనవలెను.

పదిమంది కూడిన బలము

చట్టము చేతనున్నను ఒంటరివాడు పెద్ద వ్యాపారిపై ఫిర్యాదు చేయ జంకును. మరునాడు పని ఎవరిత్తురని అతని భయము. అందుకు విరుగుడు సహకారము.

1938లో కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘము స్థాపించిరి. నూలు సంఘము తెచ్చి యిచ్చుట, బట్టను సంఘమే తీసికొని అమ్ముట – ఈ పద్ధతిచే సావుకారు చేతిలోని రెండు కొసలు నేతగాండ్ర చేతికి వచ్చినవి. 1954లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. పిమ్మటి కాలమున చేనేతకు గిరాకీ తగ్గి సంఘములకును దెబ్బ తగిలిన మాట నిజమే. సంఘమును కాలమునకు తగినట్లు మార్చుకొనవలెనని దానికి అర్థము గాని, సంఘము వలదని కాదు.

మన రాష్ట్రములోనే మరియొక ఉదాహరణము కలదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గామ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద అప్పడములు ఒత్తుట ప్రారంభించిరి. మొదటి దినమున నాలుగు పొట్లములు తయారైనవి. విరాళములు స్వీకరింపరాదనియు, నష్టము వచ్చినను పరుల సొమ్ము ఆశింపరాదనియు వారు నిశ్చయించుకొనిరి. అదియే మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. నేడు దానిలో నలుబదివేలకు పైగా స్త్రీలు సభ్యులుగా పనిచేయుచున్నారు, వారే యజమానులు. స్థాపకురాండ్రలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌గారికి 2021లో పద్మశ్రీ లభించినది. ఆ సంస్థ పేరులోను “ఉద్యోగ్” అను మాట యున్నదని పిల్లలకు చూపింపుడు. పిండి కేంద్రములో కలుపుదురు. సభ్యురాలు ఇంటికి తీసికొనిపోయి ఒత్తి తెచ్చును. నాణ్యము పరీక్షించి కూలి చెల్లింతురు. ఇల్లు విడువకయే పని. పని చేయగనే సొమ్ము. మన దర్జీకి కొరవడినది ఇదియే గదా!

ధర్మాబాదు మిరపకాయల బజారు, నాందేడు పసుపు బజారు మనకు సమీపముననే యున్నవి. కాయను, కొమ్మును బస్తాలతో పంపుటకు బదులు శుభ్రపరచి, పొడిచేసి, పొట్లము కట్టి అమ్మినచో ఆ కూలి మన వీధులలోనే నిలుచును. ఇది ఒక ఇంటివలన కాదు. పది ఇండ్లు కూడినచో సాధ్యము.

తల్లిదండ్రులు తెలిసికొనదగినవి

మొదటిది, ఉద్యమ్ నమోదు. 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఈ నమోదునకు ఆధార్ సంఖ్య కావలెను. రుసుము లేదు. వేలు అడుగు దళారులను నమ్మవలదు.

రెండవది, ముద్రా ఋణములు. 2015 ఏప్రిల్ 8న ఆరంభమైనవి. తాకట్టు అక్కరలేదు. 50,000 వరకు “శిశు”, 5 లక్షల వరకు “కిశోర”, 10 లక్షల వరకు “తరుణ” అని శ్రేణులు. “తరుణ” ఋణమును సరిగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చునట్లు 2024లో పెంచిరి.

మూడవది, 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకము. దర్జీ, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీపనివాడు, మంగలి, చాకలి, పూలదండలు కట్టువారు మొదలగు 18 వృత్తులకు వర్తించును. నేతపని ఈ జాబితాలో లేదు. శిక్షణము, పనిముట్లకు 15,000 రూపాయలు, నూటికి 5 వడ్డీతో మొదట లక్ష, తరువాత 2 లక్షల ఋణము ఇందులోనివి. ఒక కుటుంబమున ఒక్కరికే అవకాశము.

నాలుగవది, వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పథకము. 2025 సవరణ తరువాత మొదటి విడత 15,000, రెండవది 25,000, మూడవది 50,000. గురుద్వారా యాత్రికులపై ఆధారపడి పూలు, బొమ్మలు, ఫలహారములు అమ్ముకొనువారికి ఇది ఉపకరించును.

పథకముల నిబంధనలు మారుచుండును. దరఖాస్తునకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రములో గాని బ్యాంకులో గాని విచారించుకొనుట మేలు. అల్పసంఖ్యాకులకు అని కొన్నింట ఉన్న ప్రత్యేక రాయితీ మతమును బట్టి ఇచ్చునదియే. భాషను బట్టి మనకు అది వర్తింపదు. ఇది తెలియక కొందరు నిరాశ చెందుచున్నారు.

మనము చేయగలిగినది

ప్రభుత్వము చేయవలసినవి ప్రభుత్వము చేయవలెను. ముఖ్యముగా వరుస చివరనున్నవానిని వేరుగా గుర్తించుటయు, తన కార్యాలయములు కొన్న సరకునకు తానే గడువులో చెల్లించి త్రోవచూపుటయు దాని ధర్మములు. కాని మన చేతిలోనివి కూడ కొన్ని కలవు.

మనలో పలువురు బాగుగా పనిచేయుదురు గాని చిట్టా వ్రాయరు. ఇంటి సొమ్ము, దుకాణపు సొమ్ము ఒకే డబ్బాలో నుండును. బ్యాంకువారు ఆరునెలల లెక్క అడిగినచో చూపుటకు ఏమియు ఉండదు. మీ పిల్లవాడు ఆరవ తరగతిలో నున్నచో వానిచేతనే ప్రతి సాయంకాలము రాబడి, ఖర్చు, రావలసినది అని మూడు గళ్లు తెలుగులో వ్రాయింపుడు. వానికి గణితము, మీకు లెక్క రెండును లభించును. ఈ సంవత్సరము నుండి ఆరు, ఏడు తరగతుల గణితపు అభ్యాసములో దీనిని చేర్చదలచితిని.

దరఖాస్తులు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు భాషలలో నుండును. మనలో పెద్దవారు కొందరు మరాఠీ ధారాళముగా మాటలాడుదురు గాని చదువజాలరు. ప్రతి నెల మొదటి ఆదివారమున ఉదయము పది గంటలకు నేనును, మా ఉపాధ్యాయులును పాఠశాలలో నుందుము. ఆధార్ పత్రము, బ్యాంకు పుస్తకము తెచ్చుకొనుడు. నమోదు చేసి, దరఖాస్తు నింపి పంపుదము. రుసుము లేదు.

మూడవది కష్టమైనదియైనను చెప్పక తప్పదు. మనలోను సరకు తీసికొని సొమ్ము నిలుపువారు కలరు. సంఘపు పెద్దలు, విరాళములిచ్చు దాతలు ఈ మాటకు కోపింపరాదు. తోటివాని బాకీ గడువులో తీర్చుట పాఠశాలకు ఇచ్చు విరాళముకంటె తక్కువది కాదు. ఆ సొమ్ముతో ఒక దుకాణము నిలుచును. ఆ దుకాణముతో ఒక బాలుడు ఈ బల్ల మీద నిలుచును.

ఆ దర్జీ కుమారుని బదిలీ పత్రము మీద నేను సంతకము చేసితిని. పాఠశాల విడుచుటకు కారణము అను గడి ఒకటి యుండును. “తండ్రి ఉద్యోగ నిమిత్తము” అని గుమాస్తా వ్రాసి తెచ్చెను. వ్రాత తప్పు కాదు. రెండు యంత్రములు, ఇద్దరు పనివారు గల ఉద్యోగమును పోగొట్టుకొని ఆయన ఉద్యోగమునకు పోవుచుండెను. మరియొక పత్రము మీద అట్టి మాట వ్రాయవలసిన అవసరము రాకుండ చూచుటకే మొదటి ఆదివారమున మీకై ఎదురుచూచుచుందును.

– ప్రధానోపాధ్యాయుడు